తిట్టడానికైనా ఒక కౌన్సిలర్ కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. జనగణన మళ్లీ మొదలవుతోందని మీ పేపర్లో చదివినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని అనుకుంటూనే ఉన్నాను. మోకాళ్ల నొప్పులు, మనవడి పరీక్షలు, ఏదో ఒకటి అడ్డం వచ్చింది. ఈ రోజు కూర్చున్నాను. మా ఊరికి 2010 నుంచి ఎన్నికైన కౌన్సిల్ లేదు, ఈ జనగణన పేరు చెప్పి ఎన్నికలు ఇంకా వెనక్కి నెడతారేమోనని నా భయం. కాస్త పొడుగైతే ఏమనుకోకండి. ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, నాకు పొట్టిగా చెప్పడం రాదు.

నేను శ్రీకాకుళం పట్టణంలో ఉంటాను. 2019లో రిటైరయ్యాను. మా టీచర్లకి పాఠం చెప్పడం కన్నా పై పనులే ఎక్కువని మీకు తెలియంది కాదు. ఓటర్ల జాబితాలు, పల్స్ పోలియో, ఎన్నికల డ్యూటీ, వాటన్నిటి మీద జనాభా లెక్కలు. 2001లో ఒకసారి, 2011లో ఒకసారి ఎన్యూమరేటరుగా తిరిగాను. రెండుసార్లూ మా ఊరే. ఒక్కో బ్లాకులో సుమారు ఆరేడు వందల మంది జనం. ముందు ఆ ప్రాంతం పటం గీసుకోవాలి, ఇళ్లకి నంబర్లు వెయ్యాలి, తర్వాత ఒక్కో గడపా ఎక్కాలి. పగలు బడి, సాయంత్రం లెక్క. ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటేది.

2011లో జనం లెక్క ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా జరిగింది. 28 రాత్రి ఇల్లూ వాకిలీ లేనివాళ్లని లెక్కపెట్టాం. బస్సు కాంప్లెక్స్ దగ్గరా, గుళ్ల దగ్గరా, దుకాణాల అరుగుల మీదా పడుకున్నవాళ్లని లేపి పేరూ వయసూ అడగాలి. చలికి ముసుగుతన్ని పడుకున్న ఒక ముసలాయన లేచి, "పింఛనా అమ్మా?" అన్నాడు. కాదంటే మళ్లీ ముసుగేసుకున్నాడు. ముసుగులోంచే పేరు చెప్పాడు. మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ అవే ఇళ్లు తిరిగి, ఈలోగా ఎవరైనా పుట్టారా, పోయారా అని సరిచూసుకున్నాం.

ఆ లెక్కలో ఒక నిబంధన ఉంది. ఆ ఇరవై రోజులూ ఇంట్లో లేనివాణ్ణి ఆ ఇంటి కింద రాయకూడదు. ఎక్కడుంటే అక్కడ రాసుకుంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మా జిల్లాలో దాని సంగతి వేరు. మా మగపిల్లలు సంక్రాంతికి వస్తారు. కనుమ అయిన మర్నాటి నుంచి ఆమదాలవలస స్టేషన్లో చూడండి, సంచులూ పెట్టెలూ పట్టుకుని హైదరాబాదు, చెన్నై వైపు వెళ్లే బళ్ల కోసం ఎలా నిలబడి ఉంటారో. కొందరు విశాఖ వెళ్లి అండమాన్ ఓడ ఎక్కుతారు. తీరం ఊళ్ల వాళ్లు గుజరాత్‌లో వేరావల్ దాకా వేటకి పోతారు. ఫిబ్రవరి వచ్చేసరికి ఊళ్లో మిగిలేది ఆడవాళ్లూ, ముసలివాళ్లూ, బడి పిల్లలూ. సరిగ్గా అప్పుడు మేం పుస్తకం పట్టుకుని వెళ్తాం.

నా బ్లాకులో ఒక మామ్మ నన్ను గడప దాటనివ్వలేదు. "ఓలమ్మా, మా గుంటడు సెన్నపట్నంలో ఉన్నాడు. పండక్కొచ్చి మొన్ననే ఎల్లిపోనాడు. ఆడిని కూడా రాసీయవా?" అని చెయ్యి పట్టుకుంది. రాయకూడదు మామ్మా అంటే, "మరి ఆడిదేటి ఊరు? ఇల్లిక్కడే, రేషనిక్కడే, ఓటిక్కడే" అంది. ఆమె అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. రాయలేదు.

ఆ ఏడాది లెక్కలు వచ్చాక చూస్తే జిల్లా మొత్తం మీద 27 లక్షల 3 వేల జనాభా, వెయ్యి మంది మగవాళ్లకి 1015 మంది ఆడవాళ్లు. అప్పటి ఉమ్మడి రాష్ట్రం లెక్క 993. విజయనగరం జిల్లాలో 1019. విజయనగరం పట్టణంలోనైతే ఏకంగా 1043. ఈ అంకెలు చూసి ఉత్తరాంధ్రలో ఆడపిల్లని చిన్నచూపు చూడరని ఉపన్యాసాలు చెప్పినవాళ్లున్నారు. సంతోషమే. కానీ పండక్కొచ్చి వెళ్లిపోయిన ఆ గుంటణ్ణి రాయకపోవడం కూడా ఆ అంకెకి ఒక కారణమని నాలాంటి ఎన్యూమరేటర్‌కి తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అప్పటి లెక్క ప్రకారం మా శ్రీకాకుళం పట్టణం జనాభా లక్షా 26 వేలకు దగ్గర. 2021లో జరగాల్సిన జనగణన కరోనా వల్ల ఆగింది, అలా ఆగుతూనే వచ్చింది. 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చారు. 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య ఇళ్ల జాబితా, 2027 ఫిబ్రవరిలో జనం లెక్క. ఈసారి కాగితాలు లేవట, సెల్‌ఫోన్లో యాప్ అట. కులం కూడా రాస్తారట. మంచిదే. అంటే ఇవాళ్టికీ మా ఊరు ఎంత అంటే చెప్పేది నేనూ నా తోటి టీచర్లూ 2011లో రాసిన అంకెలే.

మా వీధి సంగతే చెప్తాను. వీధిలో పద్నాలుగు ఇళ్లు. 2011లో అన్నీ సొంతిళ్లే, రెండే డాబా మీద గదులున్నవి. ఇప్పుడు ఐదిళ్లు మూడంతస్తులయ్యాయి. అద్దెకున్నవాళ్లు నరసన్నపేట నుంచి, టెక్కలి నుంచి, పాతపట్నం అవతల నుంచి వచ్చినవాళ్లు. కొందరు పిల్లల చదువుకోసం, కొందరు ఆస్పత్రికోసం. ఉద్దానం నుంచి వచ్చిన ఒకావిడ భర్తకి వారానికి మూడుసార్లు డయాలసిస్. అక్కడినుంచి అన్నిసార్లు తిరగలేక ఇక్కడే గది తీసుకున్నారు. ఎదురింటి మేడ మీద ఇద్దరు కుర్రాళ్లు పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తారు, ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదివే ఆడపిల్లలు నలుగురు మా వెనకింట్లో. వీధి చివర కాలువ మాత్రం నేను కాపురానికి వచ్చినప్పటిదే. పద్నాలుగిళ్ల నీళ్లకి కట్టిన కాలువలో ఇప్పుడు ఎన్ని కుటుంబాల నీళ్లు పోతున్నాయో లెక్క రాసినవాళ్లు ఎవరూ లేరు. ఇళ్లు ఖాళీ చేసి మగవాళ్లు బయటికి పోతుంటే, బయటి ఊళ్ల నుంచి కుటుంబాలు ఇక్కడికి వస్తున్నాయి. రెండూ ఒకే ఊరిలో జరుగుతున్నాయి. మా పట్టణం ఏమిటో తెలియాలంటే ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

సరే, లెక్క లేదు. కనీసం నోరైనా ఉందా అంటే అదీ లేదు. మా ఊరి మున్సిపాలిటీకి చివరిసారి ఎన్నికలు జరిగింది 2005లో. ఆ పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. అప్పటినుంచీ ప్రత్యేకాధికారి పాలనే. మధ్యలో 2015లో కార్పొరేషన్ అన్నారు. బోర్డు మారింది, అంతే. 2014లో రాష్ట్రమంతా మున్సిపల్ ఎన్నికలు జరిగితే మాకు జరగలేదు. 2021 మార్చిలో మళ్లీ జరిగితే మాకు జరగలేదు.

మా చిన్నబ్బాయి 1988లో పుట్టాడు. 2005లో వాడికి ఇంకా ఓటు రాలేదు. ఇప్పుడు వాడికి ముప్పై ఐదు దాటాయి, తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి. ఎంపీకి ఓటేశాడు, ఎమ్మెల్యేకి ఓటేశాడు. సొంత వార్డు కౌన్సిలర్‌కి మాత్రం ఒక్కసారి కూడా వెయ్యలేదు. వాడొక్కడే కాదు, వాడి ఈడువాళ్లూ వాడికన్నా చిన్నవాళ్లూ ఈ ఊళ్లో ఎవరూ వెయ్యలేదు. అదే విజయనగరంలో ఉన్న మా చెల్లెలు 2021 మార్చి 10న వెళ్లి ఓటేసి, వేలి మీద సిరా చుక్క ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపింది. రెండు ఊళ్లకీ కార్పొరేషన్ హోదా ప్రకటించింది 2015లోనే. అక్కడ యాభై డివిజన్లకి యాభై మంది కార్పొరేటర్లు ఎన్నికయ్యారు. వాళ్లు బాగా చేశారా లేదా అని మా చెల్లెలు ఫోన్లో తిడుతూ ఉండేది. నాకు అదే అసూయ. తిట్టడానికి ఆవిడకొక మనిషి ఉండేవాడు.

పాత కౌన్సిలర్లు పుణ్యాత్ములని నేననను. మా వార్డు ఆయన సంగతి నాకు బాగా తెలుసు. పొద్దున్నే ఆరున్నరకి మూల మీద ఇడ్లీ బండి దగ్గర ఉండేవాడు. వీధిలైటు వెలగకపోతే మా ఆయన వెళ్లి అక్కడే అడిగేవారు. "మాస్టారూ, సాయంత్రానికి చూద్దాం" అనేవాడు. ఆ సాయంత్రం ఒక్కోసారి వారానికి వచ్చేది. కుళాయిల దగ్గర ఆడవాళ్లు ఆయన్ని చుట్టుముట్టి కడిగేసేవారు. కానీ ఆయనకి మా వీధిలో ఎవరింట్లో ఎంతమందో తెలుసు. ఎవరి కోడలు పురిటికి వచ్చింది, ఎవరి తండ్రికి పింఛను ఆగింది, ఏ ఇంటి వెనక నీళ్లు నిలుస్తున్నాయి, అన్నీ తెలుసు. ఓట్లకోసమే తెలుసుకున్నాడు, నిజమే. నేను పుస్తకం పట్టుకుని ఇరవై రోజులు తిరిగి రాసిన లెక్క ఆయన బుర్రలో ఐదేళ్లూ ఉండేది.

ఇప్పుడు వార్డు సచివాలయాలున్నాయి. 2019 అక్టోబరు నుంచి వచ్చాయి. అక్కడి పిల్లలు చదువుకున్నవాళ్లు, మర్యాదగా మాట్లాడతారు. సర్టిఫికెట్ కావాలంటే తిప్పకుండా ఇస్తారు. ఆ మధ్య ఒక అమ్మాయితో కాలువ సంగతి మాట్లాడాను. "మేడమ్, నేను రాసి పైకి పంపుతాను. వీధికి కొత్త కాలువ కావాలా వద్దా అన్నది నా చేతిలో లేదు" అంది. నిజమే చెప్పింది. ఆ అమ్మాయి నా దగ్గర చదువుకున్న పిల్లలాంటిది, ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఉద్యోగి చేసేది ఉద్యోగం. ఏ వీధికి ముందు, ఏ వీధికి తర్వాత అని పదిమందిలో కూర్చుని పోట్లాడి తేల్చుకోవడం ఉద్యోగి పని కాదు. దానికోసమే కదా కౌన్సిల్ అనేది ఒకటి పెట్టుకున్నాం.

ప్రత్యేకాధికారి పాలన అంటే ఏమిటో చాలామందికి తెలియదు. కౌన్సిల్ చెయ్యాల్సిన తీర్మానాలన్నీ ఒక్క అధికారి సంతకంతో అయిపోతాయి. బడ్జెట్ ఆయన ముందు పెడతారు, ఆయనే ఆమోదిస్తారు. పన్ను పెంచాలన్నా, షాపుల వేలం పెట్టాలన్నా అంతే. ఎదురు కూర్చుని "ఎందుకండీ?" అనేవాళ్లు లేరు. మంచి అధికారి వస్తే మంచి జరుగుతుంది, కాదనను. కానీ ఆయనకి జిల్లా అంతా ఉంటుంది. తుఫాను, వంశధార వరద, ధాన్యం కొనుగోలు, వీఐపీల రాకపోకలు. అరసవల్లిలో రథసప్తమి వస్తే ఆ వారం రోజులూ ఆయన ఊపిరి తీసుకోడానికి ఉండదు. మా వీధి కాలువ ఆయన దాకా ఎప్పుడు వెళ్తుంది? రెండేళ్లకో మూడేళ్లకో ఆయనకి బదిలీ.

మా అన్నయ్యగారబ్బాయి లాయరు. పండక్కి వచ్చినప్పుడు వాడి చేత రాజ్యాంగం చదివించుకున్నాను. 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. మున్సిపాలిటీ గడువు ఐదేళ్లు, అంతకు మించి కుదరదు, ఆ గడువు పూర్తయ్యేలోపే ఎన్నికలు పూర్తి చెయ్యాలి అని అందులో ఉంది. 2006లో అహ్మదాబాదు కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పిందట. ప్రకృతి వైపరీత్యం లాంటిది వస్తే తప్ప గడువు దాటించకూడదని. మాకు 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చిన మాట నిజమే. కానీ హుద్‌హుద్ అక్టోబరులో వచ్చింది, ఎన్నికలు ఆ ఏడాది మార్చిలోనే తప్పిపోయాయి. పాపం తుఫాను మీద నెట్టడానికి కూడా లేదు.

మరి అడ్డం ఏమిటంటే హద్దులు. పక్క పంచాయతీలని పట్టణంలో కలపడం, దాని మీద గొడవలు, కోర్టు కేసులు. ఏ ఊరు లోపల, ఏ ఊరు బయట అన్నది తేలకుండా వార్డులు విడదీయలేమన్నారు. ఆ ఊళ్లవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కలిస్తే ఇంటిపన్ను పెరుగుతుంది, ఉపాధి హామీ పని పోతుంది. వాళ్లకి కలవడం ఇష్టం లేకపోవడం తప్పు కాదు. కానీ అది తేలేదాకా మొత్తం ఊరికే ఓటు ఆపడం ఏ లెక్క? ఇంట్లో అన్నదమ్ములు గోడ పంచుకోవడం తేలలేదని పదిహేనేళ్లు పొయ్యి వెలిగించకుండా ఉంటామా?

ఇప్పుడు నా అసలు భయం చెప్తాను, ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇదే. జనగణన కోసం 2025 డిసెంబరు 31తో ఊళ్ల హద్దులు, వార్డుల హద్దులు ఎక్కడివక్కడ ఆపేశారు. లెక్క పూర్తయ్యేదాకా మార్చకూడదు. కాబట్టి హద్దులు తేలలేదన్న మాట ఇక చెల్లదు, ఉన్నవే హద్దులు. అంతవరకు బాగానే ఉంది. కానీ వెంటనే ఇంకో మాట వస్తుంది చూడండి. "2011 లెక్క పాతబడింది, కొత్త లెక్క వచ్చాక వార్డులు చేసి, రిజర్వేషన్లు ఖరారు చేసి అప్పుడు పెడదాం" అని. జనం లెక్క 2027 మార్చికి అవుతుంది. అంకెలు బయటికి రావాలి, వార్డులు గియ్యాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, రిజర్వేషన్లు తిప్పాలి, దాని మీద ఎవరో ఒకరు కోర్టుకెళ్లాలి. నాకు డెబ్బై దాటుతాయి.

అలా ఆగనవసరం లేదు. కొత్త అంకెలు వచ్చేదాకా చివరగా ప్రచురించిన జనగణన అంకెలే లెక్క అని రాజ్యాంగమే చెప్తోంది. 2021లో విజయనగరం వాళ్లు ఓటేసింది 2011 లెక్క మీదే కదా. ఆ లెక్క వాళ్లకి పనికొచ్చి మాకు పనికిరాకుండా పోతుందా? అందులో ఆ మామ్మ కొడుకు లేడు, డయాలసిస్ కోసం వచ్చిన ఉద్దానం దంపతులు లేరు. అయినా ఉన్నదానితో ముందు ఎన్నిక పెట్టండి, సరైన లెక్క వచ్చాక వార్డులు సరిచేసుకుందాం.

ఆడవాళ్ల మాట ఒకటి ఉంది, అది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. జనగణనలో పని చేస్తారా అని ఒక ప్రశ్న ఉంటుంది. నేను అడిగితే ఇంటి మగవాడు లోపల్నుంచే "ఆవిడేం చెయ్యదండీ, ఇంట్లోనే" అనేవాడు. గుమ్మంలో చూస్తే కుట్టుమిషనూ, పక్కన పది జాకెట్లూ. ఇంకో ఇంట్లో సాయంత్రం పునుగుల బండికి పిండి రుబ్బుతూ ఉండేది. అవన్నీ అడిగి అడిగి రాయించుకునేదాన్ని. వలస ఎందుకు వచ్చారన్న గడిలో ఆడవాళ్లందరికీ ఒక్కటే జవాబు, పెళ్లి. మన రాష్ట్రంలో పట్టణ స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లకి. 2010 నుంచి సరిగ్గా ఎన్నికలు జరిగి ఉంటే ఈ పాటికి మూడు పాలకవర్గాలు మారేవి. ఎంతమంది ఆడవాళ్లు కౌన్సిల్ హాల్లో కూర్చునేవారో ఆలోచించండి. మెప్మా సంఘాల్లో, అంటే పట్టణాల్లోని ఆడవాళ్ల పొదుపు సంఘాల్లో, లక్షల రూపాయల అప్పు పుస్తకాలు పైసా తేడా లేకుండా నడిపిన ఆడవాళ్లు మా వార్డులోనే నలుగురున్నారు. వాళ్లలో ఇద్దరు అప్పుడు నలభైల్లో ఉన్నారు, ఇప్పుడు కళ్ల ఆపరేషన్లకి తిరుగుతున్నారు.

రేపు మా ఊళ్లో తిరగబోయే ఎన్యూమరేటర్లకి కూడా ఒక మాట. మీలో చాలామంది నా తర్వాతి తరం టీచర్లే. యాప్‌లో తొందరగా అయిపోతుందని గేటు బయటే నిలబడి రాసుకోకండి. మేడ మీద గదుల్లో ఉన్నవాళ్లని విడిగా అడగండి, ఇంటి యజమాని వాళ్లని చెప్పడు, అద్దె సంగతి బయటపడుతుందని. షిఫ్టు కుర్రాళ్లు పగలు పడుకుని ఉంటారు, సాయంత్రం వెళ్లండి. ఆడవాళ్ల పని గురించి ఆడవాళ్లనే అడగండి.

మీ పేపరు వాళ్లని నేను కోరేది ఒక్కటే. ఎన్నికలొస్తాయన్న మాట ఈ పదిహేనేళ్లలో చాలాసార్లు విన్నాం. వచ్చిన ప్రతిసారీ ఒకరోజు వార్త, మర్నాడు మాయం. ఇకనుంచి వారానికొకసారి మీ జిల్లా పేజీలో చిన్న బాక్సు కట్టి, శ్రీకాకుళానికి కౌన్సిల్ లేక ఇన్ని రోజులు అని అంకె వెయ్యండి. నాయకులు వచ్చినప్పుడు మీ విలేకరులు ఆ అంకె చూపించి తేదీ అడగాలి. ఏ పార్టీ అయినా సరే.

మా పక్కింటి కోడలు డిగ్రీ చదివింది, గట్టిగా మాట్లాడుతుంది, వీధిలో అందరూ ఆమె మాట వింటారు. ఎన్నికలొస్తే నువ్వు నిలబడు అని పోరుతున్నాను. నిన్న సాయంత్రం ముగ్గు వేస్తూ తలెత్తి, "ఎప్పుడు టీచరుగారూ ఎన్నికలు?" అంది. మీ పేపర్లో చూసి చెప్తానన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
శ్రీకాకుళం